వేతనన్యాయము – మూడు కొలతలు: దక్షిణావిభాగాధికరణ దృష్టితో ఒక పరిశీలన

1. విషయప్రస్తావన

తన చేతికి వచ్చిన వేతనము న్యాయమైనదా, కాదా అని పనిచేయువాడు దేనినిబట్టి నిశ్చయించుకొనును? ఆ మొత్తమునుబట్టియే అని పైకి తోచును. లోకానుభవము అట్లు లేదు. నిన్నటివరకు తృప్తితో పనిచేసినవాడు, తనతోపాటు అదే పని చేయుచున్న వానికి ఎక్కువ ముట్టుచున్నదని తెలిసిన మరుక్షణమున అసంతుష్టుడగుచున్నాడు. అతని చేతిలోని సొమ్ము ఒక్క పైసయు తగ్గలేదు. కావున న్యాయాన్యాయబుద్ధి ధనరాశిలో లేదు, పోలికలో నున్నది.

ఈ సంగతిని ఆధునిక మనశ్శాస్త్రమున సిద్ధాంతరూపమున ప్రతిపాదించినవాడు స్టేసీ ఆడమ్స్. 1963లోను, 1965లోను వెలువడిన తన వ్యాసములలో ఆయన చెప్పిన సారము ఇది: మనుష్యుడు తాను పెట్టిన శ్రమకు తాను పొందిన ఫలమునకు గల నిష్పత్తిని, ఇతరుని శ్రమఫలముల నిష్పత్తితో పోల్చుకొనును, అవి సమముగా లేనిచో అతనికి క్షోభ కలుగును. 1975లో మోర్టన్ డాయిచ్ ఈ చర్చను విస్తరించి, పంపకమునకు కొలతలు మూడని చూపెను. శ్రమానుసారము ఒకటి, సమభాగము రెండవది, అవసరానుసారము మూడవది.

ఆ మీదట దేశభేదమును గూర్చిన పరిశోధనలు బయలుదేరినవి. 1985లో బెర్మన్, మర్ఫీ-బెర్మన్, సింగ్ అను మువ్వురు ప్రకటించిన అధ్యయనమున అమెరికావారికి, భారతీయులకు ఒకే ప్రశ్న వేయబడినది. ఒకడు చక్కగా పనిచేయువాడు, ఇంట లోటు లేనివాడు. మరియొకడు సామాన్యముగా పనిచేయువాడు, ఇంట ఇబ్బందిలో నున్నవాడు. అదనపు సొమ్మును వీరిరువురకు ఎట్లు పంచవలెను? అమెరికావారికంటె భారతీయులు అవసరము వైపు ఎక్కువగా మొగ్గిరి. దీనినిబట్టి పాశ్చాత్యులు పనిని తూచుదురనియు, ప్రాచ్యులు అవసరమును తూచుదురనియు ఒక సామాన్యసూత్రము వ్యాప్తిలోనికి వచ్చినది.

ఈ సూత్రము ఎంతవరకు నిలుచును అన్నది ఈ వ్యాసమునకు విషయము. పై శాస్త్రములు నాకు చదివి తెలిసికొన్నవి మాత్రమే. నేను పాఠశాలలో గురుముఖమున నేర్చినది మీమాంస, ధర్మశాస్త్రములు. కావున మన గ్రంథములు ఈ ప్రశ్నకు ఏమి సమాధానము చెప్పుచున్నవో చూపుటకే ఇచట యత్నించుచున్నాను.

2. శబ్దవిచారము

అమరసింహుడు వేతనపర్యాయములను ఒకచోట కూర్చెను. వానిలో భృతి, భృత్య, భర్మ, భరణ, భరణ్య శబ్దములు ‘భృ’ ధాతువునుండి వచ్చినవి. భరించుట, పోషించుట అని ధాత్వర్థము. అనగా పనిచేయువానిని, అతనిని ఆశ్రయించిన వారిని నిలుపునది భృతి. అదే పట్టికలో మూల్యము, పణము అను మాటలును కలవు. ఇవి విపణిలోని మాటలు. ఇచ్చిన దానికి వెల అను అర్థమును బోధించును. ఇంకొకటి నిర్వేశము; దీనికి అనుభవమను అర్థమును కలదు. ఒకే సంస్కృతిలో, ఒకే కోశములో, ఒకే పట్టికలో పోషణదృష్టియు, మూల్యదృష్టియు ప్రక్కప్రక్కన నిలిచియున్నవని విజ్ఞులు గమనింపగలరు.

పాణిని కూడ ఇట్లే రెండింటిని ఎరిగినవాడు. చతుర్థాధ్యాయ చతుర్థపాదమున పండ్రెండవ సూత్రము ‘వైతనిక’ శబ్దమును సాధించుచు, వేతనముచే జీవించువాడు అని అర్థము చెప్పుచున్నది. ఇచట వేతనము జీవనసాధనము. ప్రథమాధ్యాయ చతుర్థపాదమున నలుబది నాల్గవ సూత్రము పరిక్రయణమును ప్రస్తావించుచున్నది. ఇచట వేతనము నియతకాలమునకు మనుష్యుని పనిలోనికి తీసికొను సాధనము. పరిక్రయము వేరు, క్రయము వేరు అని వ్యాఖ్యాతలు స్పష్టముగా చెప్పిరి. కొన్న వస్తువు కొన్నవానిదగును. పరిక్రీతుడు మాత్రము తనవాడుగనే యుండును, అతని కాలమే కొంత యజమానిదగును. ఆ సాధనమునకు తృతీయ గాని, వికల్పముచే చతుర్థి గాని రావచ్చునని సూత్రార్థము. మన తెలుగు రైతు ‘ఏడాదికి పది బస్తాలకు కుదిరినాడు’ అనునప్పుడు చతుర్థినే వాడుచున్నాడు.

తెలుగుమాటలును గమనింపదగినవే. ‘జీతము’ సంస్కృత ‘జీవిత’ శబ్దభవము. నెలకొకసారి మనము పుచ్చుకొనునది శబ్దార్థముచే బ్రదుకు. ‘కూలి’ అనునది చేసిన పనికి, ఆ పూటకు ముట్టునది. ‘బత్తెము’ దినవెచ్చమునకు ఇచ్చునది. ఈ మూడు మాటలను తెలుగువాడు ఒకదానికొకటి మార్చి వాడడు. జీతగానిని కూలివాడన్నను, కూలివానికి బత్తెముతో సరిపెట్టినను మాటతోనే తగవు పుట్టును.

3. దక్షిణావిభాగాధికరణము

మీమాంసాదర్శన దశమాధ్యాయ తృతీయపాదమున ఈ వ్యాసమునకు ప్రాణభూతమైన అధికరణము కలదు. జ్యోతిష్టోమమున దక్షిణగా నూటపండ్రెండు గోవులు విధింపబడినవి. ఋత్విక్కులు పదునారుగురు. వారిలో ఎవరికెంత అన్నది సంశయము.

మొదటి పక్షము: విశేషము ఏదియు శ్రుతిలో వినబడలేదు, కావున అందరికి సమముగా పంచవలెను. రెండవ పక్షము: ఋత్విక్కుల కర్మలు సమములు కావు, ఒకని పని ఎక్కువ, మరియొకని పని తక్కువ, కావున పనినిబట్టి పంచవలెను. డాయిచ్ చెప్పిన మూడు కొలతలలో రెండు ఇచట పక్షములుగా నిలిచినవి. జైమిని రెండింటిని నిరాకరించెను.

సిద్ధాంతము ఇది: ద్వాదశాహదీక్షాప్రకరణమున కొందరు ఋత్విక్కులు అర్ధులనియు, కొందరు తృతీయులనియు, కొందరు పాదులనియు పేర్కొనబడిరి. మైత్రావరుణ, ప్రతిప్రస్థాతృ, బ్రాహ్మణాచ్ఛంసి, ప్రస్తోతలు అర్ధులు. అచ్ఛావాక, నేష్టృ, ఆగ్నీధ్ర, ప్రతిహర్తలు తృతీయులు. గ్రావస్తుత్, ఉన్నేతృ, పోతృ, సుబ్రహ్మణ్యులు పాదులు. ఈ సమాఖ్యలు వారి కర్మను చూచి వచ్చినవని చెప్ప వీలులేదు. మైత్రావరుణుని పని హోత పనిలో సరిగా సగము కాదు. కావున దక్షిణాభాగమును బట్టియే ఆ పేర్లు సార్థకములు కావలెను. ప్రధానులకు ముట్టిన దానిలో అర్ధులకు సగము, తృతీయులకు మూడవవంతు, పాదులకు నాలుగవవంతు.

ధర్మశాస్త్రవ్యాఖ్యాతలు దీనిని నూరు గోవుల లెక్కతో సుకరము చేసిరి. ప్రధానులు నలువురకు 48, అర్ధులకు 24, తృతీయులకు 16, పాదులకు 12. తలకు 12, 6, 4, 3 గోవులు చొప్పున నూరు సరిపోవును.

ఈ నిర్ణయమును పైపైన చూచినవారికి ఇది హోదానుబట్టి పంచుటయే కదా అని తోచును. లోతుగా చూచినచో ఇంకొక అంశము కనబడును. పంపకపు కొలత కర్మారంభమునకు ముందే పేరులో తెలియుచున్నది. పాదిగా వరణము పొందినవాడు తన భాగమెంతయో ఎరిగియే ఋత్విక్త్వమునకు ఒప్పుకొనెను. అతనికి తక్కువ ముట్టినది. కాని మోసము జరుగలేదు.

ఇదే మీమాంసలో మరియొక సంగతి. సత్రయాగములలో దక్షిణ లేదు. పదునేడుగురికి తక్కువ కాక, ఇరువదినలుగురికి మించక కూడినవారు అందరును యజమానులే, ఋత్విక్కుల పనిని వారే చేసికొందురు. తన్ను తాను పరిక్రయించుకొనుట పొసగదు గనుక దక్షిణ నిలువదు. ఫలము మాత్రము ప్రతివానికిని పూర్ణముగా కలుగును. జ్యోతిష్టోమమున అధ్వర్యువు చేయు పనియే సత్రమునను అధ్వర్యువు చేయును. పని మారలేదు. మనుష్యుల నడుమ సంబంధము మారినది; దానితో ప్రతిఫలపు కొలత మారినది.

4. లోకమునకు అన్వయము

ఇది యజ్ఞశాలకే పరిమితమైన విచారమని అనుకొనరాదు. మనుస్మృతి అష్టమాధ్యాయమున సంభూయసముత్థానప్రకరణమందు దక్షిణావిభాగమును చెప్పి, కూడి పనిచేయు మనుష్యులందరికిని ఇదే రీతిని భాగకల్పన చేయవలెనని ముగింపు కలదు. మీమాంసాన్యాయము అచట వ్యవహారన్యాయమైనది.

కౌటిల్యుడు తృతీయాధికరణమున వేరొక మార్గమును చూపెను. సంఘముగా కుదిరి పనిచేయువారు తాము ముందు మాటాడుకొన్నట్లు గాని, సమముగా గాని వేతనమును పంచుకొనవలెను. మీమాంసలో పూర్వపక్షమైన సమభాగము ఇచట సిద్ధాంతమైనది. బృహస్పతి శిల్పులను శిక్షకుడు, అభిజ్ఞుడు, కుశలుడు, ఆచార్యుడు అని నాలుగు తరగతులు చేసి, వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు భాగములు విధించెను. ఇది నైపుణ్యపు కొలత. అదే బృహస్పతి గాయకులకు సమభాగమనెను. తాళజ్ఞునకు మాత్రము ఒకటిన్నర. శిల్పుల గుంపునకు ఒక కొలత, గాయకుల మేళమునకు ఒక కొలత.

ముందు మాటాడుకొననిచో ఏమి? కౌటిల్యుడు దీనికిని సమాధానము చెప్పెను. సేద్యగానికి పంటలో, గోపాలకునకు నేతిలో, వర్తకుని సేవకునకు సరకులో పదియవభాగము. శిల్పులు, వైద్యులు మొదలగువారికి ఆ వృత్తిలోని అట్టి ఇతరుడు ఎంత పొందునో అంత. లేదా నేర్పరులు నిర్ణయించినంత. ‘అట్టి ఇతరుడు’ అన్న ఈ మాటయే ఆడమ్స్ సిద్ధాంతమునకు కేంద్రము. పనివాడు రాజుతో పోల్చుకొనడు, బిచ్చగానితో పోల్చుకొనడు, తనవంటివానితో పోల్చుకొనును. న్యాయనిర్ణేతయు ఆ పోలికనే ప్రమాణముగా గ్రహింపవలెనని కౌటిల్యుని అభిప్రాయము.

5. భరణపక్షము

అవసరమను మూడవ కొలత ఎచటనున్నది? కౌటిల్యుని పంచమాధికరణమున భృత్యభరణీయమను అధ్యాయము కలదు. ఋత్విగాచార్యమంత్రిపురోహితాదులకు 48,000 పణములు. క్రిందికి దిగుచు చివర పశుపాలనాది పరిచర్య చేయువారికి 60 పణములు. ఎనిమిది వందల రెట్లు అంతరము. పై వారికి ఇంత ఎందులకని కౌటిల్యుడు చెప్పిన హేతువు వారి శ్రమ కాదు. ఇంత ఇచ్చినచో వారు ప్రలోభమునకు లొంగరు, కోపము పూనరు అని. రాజ్యరక్షణమే అచట కొలత. అదే అధ్యాయమున, పనిలో మరణించిన వారి భార్యాపుత్రులకు భక్తవేతనములు ఇవ్వవలెననియు, వారి బాలురను, వృద్ధులను, రోగులను ఆదరింపవలెననియు విధించెను. ఇచట పని లేదు, నైపుణ్యము లేదు, భరణమే కొలత.

శుక్రనీతి ఇంకను స్పష్టముగా భృతిని మూడు విధములుగా విభజించెను. ఒక్కని పోషణకు చాలునది హీనము. తప్పక పోషింపవలసిన వారికి చాలునది మధ్యమము. అన్నవస్త్రములు సమృద్ధిగా సమకూర్చునది శ్రేష్ఠము. ఈ గ్రంథము పంతొమ్మిదవ శతాబ్దిలో కూర్పబడినదని వాదించిన పండితులు కలరు. అట్లే అయినను మన విషయమునకు హాని లేదు. భరణదృష్టి అంత ఇటీవలివరకు సజీవముగా నుండెననుటకు అది సాక్ష్యమే అగును.

స్వతంత్రభారతమున 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక మహాసభ కనీసవేతనమునకు అవసరమే ఆధారమని తీర్మానించెను. సంపాదించువాడొకడైన కుటుంబమును మూడు పోషణభాగములుగా లెక్కించి, ఇతర కుటుంబసభ్యుల ఆర్జనను విడిచి, ఏడాదికి కుటుంబమునకు 72 గజముల వస్త్రమును చేర్చి లెక్క కట్టిరి. శుక్రనీతిలోని మధ్యమభృతికి ఇది అంకెలలో వ్రాసిన భాష్యమువలె నున్నది. మన రాజ్యాంగము 43వ అధికరణమున జీవనవేతనమును, 39వ అధికరణమున స్త్రీపురుషులకు సమానపనికి సమానవేతనమును ఆదేశించెను. అవసరపు కొలతయు, సమానపు కొలతయు ఒకే అధ్యాయమున ఉన్నవి.

ఇక ఇతరదేశముల మాట. జపానులో 1946లో విద్యుత్ కార్మికసంఘము పోరాడి సాధించిన వేతనపద్ధతిలో వయస్సు, ఆశ్రితుల సంఖ్య ప్రధానాంశములు. దీనిని ప్రాచ్యస్వభావమందురేమో. కాని ఫ్రాన్సులో 1932 నాటి శాసనము కూలి చేయువారికి కుటుంబభృతిని యజమానుల చందాలతో ఏర్పరచెను. కావున ప్రాచ్యపాశ్చాత్యభేదమును మనుష్యుల స్వభావమునకు అంటగట్టుట తొందరపాటు. ఏ దేశమునందైనను మూడు కొలతలు కలవు. ఏ సంబంధమునకు ఏ కొలత తగునను నియమమే దేశమునుబట్టి మారుచున్నది.

6. ఒక స్వానుభవము

సుమారు ముప్పది ఏండ్ల క్రిందట ఒక వేదసభకు నేను పరీక్షకులలో ఒకడనుగా పోయితిని. ఆ సభలో క్రమాంతులకు ఒక సంభావన, ఘనాంతులకు అంతకు రెట్టింపు ఇచ్చు ఆచారము చిరకాలముగా ఉండెను. ఆ యేడు నిర్వాహకులు, సమత్వము పాటింపవలెనను సదుద్దేశముతో, ఎవరికిని ముందు చెప్పక అందరికి సమముగా ఇచ్చిరి. పదునారేండ్ల విద్యార్థి తన గురువుతో సమానమైన కవరు చేతబట్టుకొని తల వంచుకొనెను. ఆ రాత్రి భోజనానంతరము దానిని గురువు ముందుంచి, ‘ఇది నాకు వద్దండీ, మీరే ఉంచుకోండి’ అన్నాడు.

ఆ ఘనపాఠి నవ్వి, ‘నీది నీకే ఉండనీ నాయనా. డబ్బు తక్కువైందని నాకు బాధ లేదు. మీ అందరికీ సమమని ముందే చెప్పి పిలిచి ఉంటే నేనూ సంతోషంగా వచ్చేవాణ్ణి. వచ్చాక కొలత మార్చారు. అదీ నాకు కష్టంగా ఉన్నది’ అనిరి.

దక్షిణావిభాగాధికరణమును పాఠశాలలో రెండుమారులు చదివితిని. దాని సారము ఆనాడు తెలిసినది.

7. వలయమునకు వెలుపలివారు

ఇంతవరకు చెప్పినదానిని చదివి, మన శాస్త్రములు వేతనన్యాయమును సంపూర్ణముగా సాధించినవని తృప్తి పడినచో అది ఆత్మవంచన అగును. మనుస్మృతి దశమాధ్యాయమున శూద్రసేవకునకు వృత్తి కల్పించు విధి కలదు. అతని శక్తిని, నేర్పును, అతనిపై ఆధారపడిన వారిని చూచి ఏర్పరుపవలెనని అచట ఉన్నది. వినుటకు మూడు కొలతలును అందమైనవే. మరు శ్లోకమున ఇవ్వవలసినవిగా చెప్పినవి ఉచ్ఛిష్టాన్నము, జీర్ణవస్త్రములు.

ఇచట దోషమెక్కడ? కొలతలలో కాదు. పుచ్చుకొనువానికి మాట లేదు, సంభాషణ లేదు, ‘అట్టి ఇతరుని’తో పోల్చి అడుగు అధికారము లేదు. అడుగు అధికారము లేనివానికి భరణము వేతనము కాక భిక్షయగును. విష్టి శబ్దమునుండి వచ్చిన ‘వెట్టి’ తెలంగాణమున ఎంతటి దుఃఖమును మూటగట్టినదో 1946 మొదలు 1951 వరకు సాగిన సాయుధపోరాటము చెప్పినది. అప్పు తీరువరకు కుదిరిన జీతగాని జీతములో ‘జీవితము’ అను వ్యుత్పత్తి మిగిలెను గాని అర్థము మిగులలేదు. వెట్టిని రాజ్యాంగము 23వ అధికరణముచే నిషేధించెను. 1976 నాటి శాసనము కట్టుబానిసత్వమును రద్దు చేసెను.

దేశభేదమును గూర్చి విచారించువారు ఈ అంశమును మరువరాదు. ఒక సమాజమువారు అవసరమునకు ఎక్కువ విలువ నిత్తురని చెప్పునప్పుడు, ఆ అవసరమును లెక్క కట్టువాడెవడు అని కూడ అడుగవలెను.

8. ఉపసంహారము

పై విచారమునుబట్టి తేలిన సంగతులు మూడు.

ఒకటి: శ్రమ, సమత్వము, అవసరము అను మూడు కొలతలును మన శాస్త్రములలో నిండుగా కలవు. వీనిలో ఒకదానినే భారతీయమని ఎంచుట శాస్త్రమునకు విరుద్ధము.

రెండు: కొలతను నిర్ణయించునది సంబంధము. పరిక్రయమునకు ముందుగా తెలిపిన భాగము, సంఘమునకు ఒడంబడిక లేదా సమభాగము, ఆశ్రితునకు భరణము. దేశభేదమనునది ముఖ్యముగా ఉద్యోగమును ఏ సంబంధముగా తలంతురను భేదమే. యజమానిని కుటుంబపెద్దగా తలచు దేశమున పనివాడు అవసరమును చూపును; ఒడంబడికలో ఎదుటిపక్షముగా తలచు దేశమున పనిని చూపును.

మూడు: అన్యాయబుద్ధి ప్రబలముగా కలుగునది కొలత కఠినమైనప్పుడు కాదు, ఒక సంబంధపు పేరుతో పని పుచ్చుకొని, వేరొక సంబంధపు కొలతతో ప్రతిఫలమిచ్చినప్పుడు. మనవంటి ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. గంటలు లెక్కించునప్పుడు ఇది ఉద్యోగమనియు, సమానవేతనమడిగినప్పుడు ఇది విద్యాదానమనియు చెప్పిన యాజమాన్యములను నా తరమువారు ఎరుగుదురు. అదే అర్హతతో అదే పని చేయు ప్రక్క శాఖవారితో పోల్చుకొని సంస్కృతాంధ్రపండితులు బాధపడినప్పుడు, అది అసూయ అని కొందరు పెద్దలు మందలించిరి. అది అసూయ కాదు. ‘అట్టి ఇతరుని’ ప్రమాణముగా గ్రహించిన కౌటిల్యన్యాయమే. 1982లో సుప్రీంకోర్టు రణధీర్ సింగ్ వ్యాజ్యమున సమానపనికి సమానవేతనమను సూత్రమును రాజ్యాంగబలము గలదిగా అంగీకరించినప్పుడు, ఆ న్యాయమే నేటి భాషలో పలికినది.

విద్య దానమే కావచ్చును. అట్లైనచో సత్రమువలె అందరును యజమానులు కావలెను. పరిక్రయమే అయినచో భాగమును ముందు చెప్పి, అట్టి ఇతరునకు ముట్టినంత ముట్టజెప్పవలెను. రెండింటిలో ఏది యైనను శాస్త్రసమ్మతమే. పనికి ఒకటి, ప్రతిఫలమునకు మరియొకటి అనుట మాత్రము ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు.